అక్షరాలు పడని చిలక

యతిరాజులుకు ఇంగ్లీషు రాదు. అయినా మద్రాసులో ఇంగ్లీషు అక్షరాలను ఆయనంత ముద్దుగా రాసేవాడు లేడని ఎవరితోనైనా పందెం కాయవచ్చు. అదీ మామూలుగా కాదు. కుడి ఎడమగా, ఎడమ కుడిగా, అద్దం పెట్టి చూసుకుంటే తప్ప ఎవరికీ అర్థం కాకుండా రాసేవాడు. రాతి మీద అట్లా రాస్తేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది మరి. బ్రాడ్వే పక్క సందులో ఒక దొర నడిపిన రంగుల అచ్చాఫీసులో ఇరవై రెండేళ్ళు ఆయన చేసిన పని అదే. సున్నపురాతి పలక ముందు బాసింపట్టు వేసుకుని కూచుని, జిడ్డుసిరాతో లేబుళ్ళు గీసేవాడు. నూలు కట్టల మీద అంటించేవి, పొడుం డబ్బాలవి, తలనూనె సీసాలవి, సబ్బు పెట్టెలవి.

చింతాద్రిపేట నేతగాళ్ళు నూలు కొట్టుకు పోతే కంపెనీ పేరు అడగరు. చిలక నూలు ఒక కట్ట ఇమ్మంటారు. ఆ చిలక యతిరాజులుది. ఆ సంగతి కొనేవాడికీ తెలియదు, అమ్మేవాడికీ తెలియదు. లేబులు గీసినవాడి పేరు లేబులు మీద వేసే మర్యాద ఈ లోకంలో ఎక్కడా లేదు. యతిరాజులుకు దాని గురించి బాధా లేదు. కొట్టు ముందు నుంచి నడిచిపోతూ చిలకను ఒకసారి చూసుకునేవాడు, అంతే.

పంతొమ్మిది వందల యాభై ఒకటిలో దొర అచ్చాఫీసు అమ్మేసి ఓడెక్కాడు. వెళ్ళేముందు పనివాళ్ళందరినీ పెరట్లో వరసగా నిలబెట్టి, తలా ఒక ఇంగ్లీషు ఉత్తరం పొడుగాటి కవరులో పెట్టి ఇచ్చి చెయ్యి కలిపాడు. యతిరాజులు చేతికి అప్పుడు సిరా ఉంది. చెయ్యి వెనక్కి తీసుకోబోతే దొరే పట్టుకుని ఊపాడు. ఆ చేతిని ఆయన రెండు రోజులు కడుక్కోలేదని మంగళ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది. మంగళ ఆయన అక్క కూతురే. కట్టుకుని పాతికేళ్ళయినా మామా అనే పిలుస్తుంది.

ఆ తరవాత ఎలక్షన్లు వచ్చి కొన్నాళ్ళు ఆదుకున్నాయి. ఎవరు ఏ గుర్తు చెబితే అది గోడల మీద గీశాడు. ఎద్దుల జోడీ, గుడిసె, కంకీ కొడవలీ. చదువు రాని మంగళ కూడా పెట్టె మీది బొమ్మ చూసి దర్జాగా ఓటేసి వచ్చింది. గోడలన్నీ సున్నం కొట్టేశాక రిక్షాల వెనక తామరపువ్వులు, మంగలి షాపుల బోర్డులు. ఒకరోజు నిచ్చెన జారి మోకాలు దెబ్బతింది. యాభై దాటిన మనిషి. గాల్లో వేలాడుతూ చేసే పని ఇక తన వల్ల కాదని తెలిసిపోయింది. ఆయనకు కావలసింది ఒక్కటే, మళ్ళీ రాయి ముందు కూచోవడం. మనసులో ఇంకో కోరిక లేదు.

అందుకోసం ఒక పుస్తకం తయారు చేశాడు. అట్ట గట్టిగా ఉన్న పెద్ద పుస్తకం. మొదటి పేజీలో దొర ఇచ్చిన ఉత్తరం అంటించి, దాని చుట్టూ మల్లెతీగ అంచు గీశాడు. ఎనిమిది రోజులు పట్టింది. దొర రాశాడంటే తన పని గురించే అయి ఉంటుందని, దాన్ని ఎవరిచేతా చదివించుకోలేదు. ఆ తరవాత నూలు కొట్టు యజమాని రాసిచ్చిన మంచిమాటలు, వార్డు కౌన్సిలరు చీటీ, హైకోర్టు ఎదుట చెట్టు కింద కూచునే అర్జీల రైటరు ఇంగ్లీషులో దంచిన మూడు పేజీల మనవి. చిట్టచివర, చోటు మిగిలింది కాబట్టి, మూడు లేబుళ్ళు. అంతకుమించి తన బొమ్మలేవీ ఆయన దాచుకోలేదు. బొమ్మలు ఎవరైనా చూస్తారు, పెద్దమనుషులైతే చదువుతారు అని ఆయన లెక్క. అక్షరమున్న కాగితానికి కాలు తగిలితే తీసి కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టాడు. కాగితం మాట్లాడుతున్నప్పుడు మధ్యలో తను నోరు విప్పడం తప్పనుకునేవాడు.

యాభై మూడులో ఒకనాడు, తంబుచెట్టి వీధి అచ్చాఫీసులో రాతి మీద గీసే మనిషి శివకాశికి వెళ్ళిపోయాడని తెలిసింది. యతిరాజులు చలవ చొక్కా తొడుక్కుని, పుస్తకం చంకన పెట్టుకుని వెళ్ళాడు. ఆఫీసు మేనేజరు జనార్దనం నెల్లూరు వైపు మనిషి. నలభై లోపే. బల్ల మీద టెలిఫోను, చెవి మీద పెన్సిలు, నుదుట ఎప్పుడూ ఏదో తొందర.

“పనికోసం వచ్చినా సార్. అన్నీ ఇందులో రాసుండాయి” అన్నాడు యతిరాజులు. పుస్తకం రెండు చేతులా అందించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

జనార్దనం దొర ఉత్తరం పైనుంచి కిందికి చదివాడు. రెండో పేజీ సగం చదివాడు. మూడో పేజీ చూపుతోనే దాటేశాడు. ఈలోగా టెలిఫోను మోగింది. మాట్లాడుతూనే పుస్తకం మూసి తిరిగి ఇచ్చాడు. ఫోను పెట్టేశాక నవ్వుతూ, “నమ్మకమైన మనిషివి పెద్దాయనా. ఇట్లాంటోళ్ళు ఈ రోజుల్లో దొరకరు. రాయపురంలో మాకు కాగితాల గోడౌను ఉండాది. దానికి వాచ్‌మన్ కావాల. ఒకటో తేదీ నుంచి వచ్చేయ్. ముందు పోయి చోటు చూసుకో” అన్నాడు.

చెడ్డమాట ఒక్కటీ అనలేదు. అదే వచ్చిన చిక్కు. తిట్టి ఉంటే యతిరాజులు ఇంకో గడప వెతుక్కునేవాడు. దొర అంతగా మెచ్చుకున్న ఉత్తరం చదివి కూడా ఈయన వాచ్‌మన్ అన్నాడంటే, తన బతుకు విలువ అంతేనన్నమాట.  దండం పెట్టి వచ్చేశాడు.

ఇంట్లో మంగళ పొయ్యి ముందు కూచుని మిరపకాయలు వేయిస్తోంది. సంగతి విన్నది.

“ఆడ రాయి ఉంటదా మామా?”

“తాళముంటది” అన్నాడాయన.

మంగళ మిరపకాయలు మాడకుండా దింపి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మిరపకాయల పొగ అనుకోవడానికి ఇద్దరికీ వీలుగానే ఉంది.

మర్నాడు పొద్దున రాయపురం వెళ్ళి గోడౌను చూశాడు. రేకుల కప్పు, ఇనుప తలుపు, ఒక ముక్కాలిపీట. చూడ్డానికి ఇంకేముంది? అంత దూరం వచ్చాను కదా అని, ఆ పక్క వీధిలోనే ఉండే ఆరోగ్యసామి ఇంటికి నడిచాడు.

ఆరోగ్యసామి దొర దగ్గర రాళ్ళు అరగదీసేవాడు. ఒక లేబులు అచ్చు అయ్యాక రాతి మీది పాత బొమ్మ పోవాలి. ఇసకా నీళ్ళూ పోసి, రాతి మీద రాయి పెట్టి, గుండ్రంగా, ఒకే బరువుతో, గంటలకొద్దీ తిప్పాలి. ఒకచోట ఎక్కువ నొక్కితే గుంట పడుతుంది, తక్కువైతే పాత బొమ్మ దెయ్యంలా మళ్ళీ పైకి తేలుతుంది. ఇరవై రెండేళ్ళూ యతిరాజులు ఆ మనిషి అరగదీసిన రాతి మీదే గీశాడు. ఇప్పుడతను కాశిమేడు సముద్రం ఒడ్డున చేపలబుట్టలు మోస్తున్నాడు. ఇంటి గుమ్మం ముందు మామూలు నాపరాయి మెట్టు ఒకటుంది. యతిరాజులు దాని మీద కాలు పెట్టబోయి ఆగాడు. అద్దంలా ఉంది ఆ రాయి.

“ఆదివారం మాతా కోయిల్నుంచి వచ్చినాక రుద్దుతా, అన్నా. చెయ్యి ఊరుకోదు” అన్నాడు ఆరోగ్యసామి సిగ్గుపడుతూ. తెలుగు మధ్యలో అరవం కలిసిన రాయపురం మాట అతనిది. “రా, రా, ఉక్కారు, కూచో. మేరీ, అన్నకి కాపీ తే.”

గోడ మీద మేరీమాత పటం, దాని పక్కనే అద్దం బిగించిన ఫ్రేములో దొర ఉత్తరం. రెండింటికీ ఒకే పూలదండ. ఆరోగ్యసామి ఫ్రేము దించి, పంచెతో తుడిచి, యతిరాజులు చేతిలో పెట్టాడు.

“ఫాదర్ చదివి చెప్పినాడన్నా. మంచోడు, టైముకొస్తాడు, చెప్పిన మాట ఇంటాడు, తాగడు అని రాసినాడంట దొర.”

లోపలి నుంచి అతని పెళ్ళాం ఆరోగ్యమేరి, “ఆ ‘తాగడు’ కాడ ఫాదరే నవ్వు ఆపుకోలేక దగ్గినాడన్నా!” అంది.

వాళ్ళిద్దరూ నవ్వుతున్నారు. యతిరాజులు నవ్వబోయి, ఫ్రేము వంక చూస్తూ ఉండిపోయాడు.

ఆయనకు ఇంగ్లీషు రాదని ముందే చెప్పుకున్నాం. కానీ ఒక గీత ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగి ఎక్కడ ఆగుతుందో ఆయన కంటికి చిక్కకుండా పోదు. మల్లెతీగ అంచు గీసిన ఎనిమిది రోజులూ తన ఉత్తరాన్ని అంగుళం అంగుళం చూశాడు. నాలుగో వరస చివర ఒక అక్షరం బియ్యపుగింజంత కిందికి జారి ఉంటుంది. దాన్ని సరిచేద్దామా అని చెయ్యి దురద పుట్టి, దొర కాగితం కదా అని వదిలేశాడు. ఇదిగో, ఇక్కడా నాలుగో వరస చివర అదే అక్షరం, అంతే కిందికి. వరసలు అవే. ఎక్కడ తెగాయో అక్కడే తెగాయి. కింద సంతకం అదే. పైన పేరు ఉన్నచోట మాత్రం వేరే సిరా. ఒకే ఉత్తరాన్ని కింద కార్బను మసికాగితం పెట్టి టైపు కొట్టించి, ఖాళీలో తలా ఒక పేరు రాసి ఇచ్చారు.

రాళ్ళు అరగదీసినవాడికీ, గీసినవాడికీ, బహుశా గేటు తీసినవాడికీ కూడా అదే ఉత్తరం. టైముకొస్తాడు, చెప్పిన మాట వింటాడు, తాగడు. ఇన్నాళ్ళూ తను మల్లెతీగ చుట్టి, చంకన పెట్టుకుని, కాళ్ళరిగేలా తిప్పిన కాగితంలో బొమ్మ అన్న మాటే లేదు. జనార్దనం చదివినదాంట్లో వాచ్‌మన్ తప్ప ఇంకెవరున్నారు?

 అవమానం ఒక పక్క. ఇంకో పక్క, చెప్పుకుంటే నవ్వొస్తుంది గానీ, ఏదో బరువు దిగినట్టు తేలిక. ఆ జనార్దనం తన బొమ్మలు చూసి కాదనలేదు. అసలు చూడనేలేదు.

“ఏందన్నా, అట్లా చూస్తా ఉండావు?” అన్నాడు ఆరోగ్యసామి. ఆ మొహంలో గర్వం చూసి, యతిరాజులు ఒక్క క్షణం ఆలోచించాడు. తనకు మూడు లేబుళ్ళయినా ఉన్నాయి. వీడికి గోడ మీద ఇదొక్కటే ఉంది.

“బాగుండాది సామీ. మేకు వదులైనట్టుండాది, గట్టిగా కొట్టు. పడిపోతే అద్దం పగులుతాది” అన్నాడు. కాఫీ తాగి లేచి వచ్చేశాడు.

ఇంటికి వచ్చి మంగళకు చెప్పేసరికి ఆమెకు ముందు కోపం వచ్చింది. దొరను, దొర తాతముత్తాతలను, ఆ ఓడను కలిపి తిట్టింది. తరవాత ఆయన పక్కన కూలబడింది.

“ఇరవై రెండేళ్ళు గీసినావు. నువ్వేం చేస్తావో ఆ మనిషికి తెలీనే లేదా మామా?”

“తెలుసులే. ముప్పైమందికి ముప్పై రకాలుగా రాసేదానికి తీరికుండొద్దా?” అన్నాడాయన. ఇప్పటికీ దొరను ఒక్క మాట అననివ్వడు.

“నాకు తెలుసు. నాకు చదువు రాదు గదా, అందుకే తెలుసు” అంది మంగళ. లేచి వంటింట్లోకి పోయింది.

ఆ వంటింటి సంగతి కాస్త చెప్పాలి. అచ్చాఫీసులో పాడైపోయిన కాగితాలను వేస్టు అంటారు. శనివారాలు కావలసినవాళ్ళు తీసుకుపోవచ్చు. యతిరాజులు తెచ్చేవాడు, మంగళ వాటిని వంటింటి అరల్లో పరిచి, అంచులు కిందికి వేలాడేటట్టు కత్తిరించేది. ఏటా దీపావళికి కొత్తవి మార్చేది. పాతవి పారేస్తుందనే ఆయన అనుకునేవాడు. ఏ పప్పు ఏ డబ్బాలో ఉందో కూడా ఆమె బొమ్మలతోనే గుర్తు పెట్టుకునేది. కందిపప్పు నెమలి మీద, మినప్పప్పు ఏనుగు మీద.

ఆమె పెట్టె తెరిచింది. పెళ్ళిచీర కింద నుంచి పాత లేబుళ్ళ కట్ట ఒకటి తీసింది. తరవాత అరల మీది డబ్బాలన్నీ దించి, అక్కడ ఉన్నవీ తీసింది. నేలంతా పరిచేసరికి ఇద్దరికీ కాలు పెట్టే చోటు లేదు.

నూలు కట్టల చిలక అక్కడ ఒకటి కాదు, పది ఉన్నాయి. ఆ చిలక ఎనిమిది రాళ్ళ బొమ్మ. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ఒక కాగితం మీద పసుపు మాత్రమే పడింది, వెలిసిన ఎండలా. ఇంకోదాని మీద పసుపు, గులాబి. ఇంకోదాంట్లో ఆకుపచ్చ ఎక్కింది. ఒకదాంట్లో ముక్కు నూలుపోగంత పక్కకు జరిగి చిలక ఏదో అలిగినట్టుంది. ఒకదాంట్లో అన్నీ సరిగ్గా ఉన్నాయి, చివరి నల్లరంగు రాయి మాత్రం పడలేదు. లేబుల్లో అక్షరాలు ఉండేది ఆ నల్లరాతి మీదే. కంపెనీ పేరూ, ఊరి పేరూ, తూకమూ ఏమీ లేకుండా ఒట్టి చిలక. మెడ మీద సన్నని నూగు, కంట్లో చుక్క.

“ఇది ముందర పెట్టు” అంది మంగళ.

“ఛీ, వేస్టు కాగితాలు పెద్దమనుషులకి చూపిస్తారా ఎవురన్నా? అక్షరాలే పడలా దీంట్లో.”

“అక్షరాలున్నది చదివి మూసేసినాడు గదా. ఇది ఎట్లా మూస్తాడో చూద్దాం.”

యతిరాజులుకు తలకొట్టేసినట్టయింది. అచ్చాఫీసులో వేస్టు అంటే తప్పు. ఎవరో ఒకరు చీవాట్లు తిన్న కాగితం. దాన్ని పుస్తకంలో ముందు పెట్టుకోవడమంటే చిరిగిన చొక్కాతో పెళ్ళికి పోవడమే. కానీ నేల మీద పరిచి ఉన్న ఆ పది చిలకలను చూస్తుంటే, ఒట్టి పసుపు నుంచి ప్రాణమొచ్చేదాకా అన్నీ వరసగా కనిపిస్తుంటే, తనే చేసిన పని తనకే మొదటిసారి తెలిసినట్టయింది. ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ తన బొమ్మలను ఒక్కచోట చూసుకోలేదు. కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఈసారి పొయ్యి మీద మిరపకాయలు లేవు.

నాలుగు రోజులు కూచుని పుస్తకం విప్పి మళ్ళీ కట్టారు. నూనె మరకలున్నవి పక్కన పెట్టింది మంగళ. పసుపు మరక ఉన్న నెమలిని మాత్రం, “అది రంగులో కలిసిపోయిందిలే” అని ఉంచేసింది. నూలు కొట్టు కాగితం, కౌన్సిలరు చీటీ, అర్జీ తీసేశారు. దొర ఉత్తరాన్ని చింపబోతే యతిరాజులు ఒప్పుకోలేదు. మల్లెతీగతో సహా చివరి పేజీకి పంపాడు.

ఒకటో తేదీకి ఇంకా మూడు రోజులున్నాయి. తంబుచెట్టి వీధిలో జనార్దనం ఈయన్ని చూడగానే, “ఏం పెద్దాయనా, గోడౌను చూసినావా?” అన్నాడు.

“చూసినా సార్” అన్నాడు యతిరాజులు. దారి పొడుగునా కూడబలుక్కున్న నాలుగు మాటలూ ఎటో పోయాయి.  ఈసారి పుస్తకాన్ని అందించలేదు. బల్ల మీద పెట్టి, జనార్దనం వైపు తిప్పి, తనే తెరిచాడు.

జనార్దనం చూపు కాగితం మీద పడింది. చదవడానికేమీ దొరకలేదు. చూడక తప్పలేదు.

టెలిఫోను మోగింది. మోగి మోగి ఆగింది. జనార్దనం పేజీ తిప్పాడు. పసుపు చిలక. ఇంకో పేజీ, ఇంకో పేజీ. సొరుగులోంచి భూతద్దం తీసి, మొహం కాగితం మీదికి వంచి చాలాసేపు చూశాడు.

“ఇది ఎవురు గీసినారు?”

“నేనే సార్.”

“మొన్న చెప్పలేదేమయ్యా!”

“రాసుండాదనుకున్నా సార్.”

జనార్దనం చివరిదాకా తిప్పాడు. దొర ఉత్తరం దగ్గర ఆగాడు. ఈసారి ఉత్తరం చదవలేదు. అంచు చూశాడు. “ఈ మల్లెతీగ మొన్న కూడా ఉండిందా?” అన్నాడు. ఉందన్నాడు యతిరాజులు. జనార్దనం కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, “నేను చూడనేలేదే” అని, అది తన తప్పేనన్నట్టు చిన్నగా అన్నాడు.

తరవాత లేచి, లోపలి గదిలోకి తీసుకుపోయాడు. గోడవారగా రాళ్ళు నిలబెట్టి ఉన్నాయి. యతిరాజులు వంగి ఒకదాన్ని అరచేత్తో తడిమాడు. గరుకు, గుంటలు.

“సార్, వీటి మీద గీయలేను” అన్నాడు. పని ఇంకా చేతికి అందకముందే అంత ధైర్యం ఎట్లా వచ్చిందో ఆయనకే తెలియదు. “వీటిని అరగదీసేదానికి ఒక మనిషి ఉండాడు. ఆరోగ్యసామి అని. మా దొర కాడ ఇరవై రెండేళ్ళు చేసినాడు.”

“సర్టిఫికెట్ ఏమన్నా ఉండాదా ఆయనకి?”

ఉంది. అద్దం బిగించి, దండ వేసి, మేరీమాత పక్కన ఉంది. టైముకొస్తాడు, చెప్పిన మాట వింటాడు, తాగడు. యతిరాజులు వెనక్కి నడిచి, బల్ల మీది పుస్తకం తెచ్చి, మొదటి పేజీ తెరిచాడు. చిలక మెడ దగ్గర, నూగు అన్నిటికన్నా సన్నగా ఉన్నచోట వేలు పెట్టాడు.

“ఇదే సార్. నేను గీసినా, నిజమే. రాయి ఒక్కచోట గరుకైనా ఈ నూగు పడదు. దీన్ని నిలబెట్టింది ఆయన చెయ్యి.”

జనార్దనం మళ్ళీ భూతద్దం పెట్టి చూశాడు.

“ఒకటో తేదీ ఇద్దరూ వచ్చేయండి” అన్నాడు.

యతిరాజులు ఇంటికి పోలేదు. మోకాలి నొప్పి సంగతి మరిచిపోయి రాయపురం దాకా నడిచాడు. ఆరోగ్యసామి అప్పుడే ఒడ్డునుంచి వచ్చి, చేపల నీచు పోయేలా చేతులు తోముకుంటున్నాడు. విషయం విని, నీళ్ళు కారుతున్న చేతులతోనే గబగబా లోపలికి పోయి, గోడ మీది ఫ్రేము దించి తెచ్చాడు.

“దీన్ని చూపించాల గదా అన్నా? దొర నా గురించి రాసింది.”

యతిరాజులు ఫ్రేము అందుకుని, లోపలికి తీసుకుపోయి, మేరీమాత పక్కన మేకుకు మళ్ళీ తగిలించాడు. వంకర లేకుండా సరిచేశాడు. బయటికొచ్చి, అద్దంలాంటి ఆ మెట్టు మీద కూచుని, అరచేత్తో దాన్ని ఒకసారి నిమిరాడు.

“దాన్ని ఆడే ఉండనీ సామీ. వాళ్ళు నీ పని చూసేసినారు.”